ఎక్కిన గేరులోనే దిగాలి

లారీ విద్యలో నా చేతికి మొదట వచ్చిన పనిముట్టు మూరెడు ఇనుప రాడ్డు. పదో తరగతి రెండుసార్లు తప్పి, ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో మా నాయన పక్కన కొన్నాళ్లు సుత్తి పట్టి, ఆ ఎండకు తాళలేక 1993లో ఒక లారీకి క్లీనరుగా కుదిరిన మొదటి రోజున, మా వస్తాదు, అంటే ఆ బండి డ్రైవరు, ఆ రాడ్డును నాకిచ్చి టైర్లు తట్టి రమ్మన్నాడు. నేను బండి చుట్టూ తిరిగి వచ్చి అన్నీ బాగున్నాయని చెప్పాను.

"ఎన్ని తట్టినావబ్బీ?" అని అడిగాడు.

ఆరు అన్నాను.

"లోపలి రెండూ ఎట్లా తట్టినావు?"

నిజానికి నేను తట్టినవి నాలుగే. వెనక ఇరుసుకు ఒక్కో పక్కన టైర్లు జంటగా ఉంటాయని తెలుసు గానీ, బయటిది నిలబడి ఉంటే లోపలిది కూడా నిలబడే ఉంటుంది కదా అనుకున్నాను. ఆయన తిట్టలేదు. నన్ను చక్రాల పక్కన గొంతుక్కూర్చోబెట్టి, రాడ్డును సందులోంచి పోనిచ్చి లోపలి టైరును తట్టి వినిపించాడు. గాలి నిండుగా ఉన్న టైరు రాడ్డును వెనక్కి ఎగరగొడుతుంది, చప్పుడు గట్టిగా వస్తుంది. గాలి దిగిన టైరు రాడ్డును మింగినట్టుగా మొద్దుగా పలుకుతుంది. లోపలి టైరు దిగిపోయినా బయటిది బండిని మోస్తూనే ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ కనిపించదు. రెండు టైర్ల బరువు ఒక్కదాని మీద పడి, అది వేడెక్కి, ఎక్కడో అర్ధరాత్రి పేలినప్పుడు గానీ సంగతి తెలియదు. అప్పటి నుంచి బండి ఎక్కడ ఆగినా, టీ తాగడానికి ముందే, చీకటైనా వానైనా, ఆరు టైర్లూ తట్టడం నా పని. ఆ చప్పుడు ఎంతగా చెవికెక్కిందంటే, ఇప్పటికీ రోడ్డు పక్కన ఆగిన లారీ దగ్గర ఎవరో కుర్రాడు టైరు తడుతుంటే ఏది దిగిందో పది అడుగుల దూరం నుంచే చెప్పగలను.

మా వస్తాదుది కడప. ఊళ్లో అందరూ ఆయనను భాయ్ అనేవారు. క్లీనరు డ్రైవరును పిలిచే పిలుపు వస్తాదు కాబట్టి నాకు ఆయన వస్తాదే. అప్పటికే యాభై దాటినవాడు. అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. మైలురాళ్ల మీది అంకెలు, నోట్ల మీది అంకెలు, కాటా చీటీ మీది అంకెలు చూసి బతుకు నడిపినవాడు. బండి టాటా 1612. ఆ అంకెల అర్థం కూడా ఆయనే చెప్పాడు: మొదటి రెండంకెలు సరుకుతో కలిపి బండి మొత్తం బరువు, అంటే సుమారు 16 టన్నులు; చివరి రెండంకెల పక్కన సున్నా పెడితే ఇంజను హార్స్‌పవర్, అంటే 120. అప్పటి చట్టం లెక్కలో ముందు ఇరుసు మీద 6 టన్నులు, నాలుగు టైర్ల వెనక ఇరుసు మీద 10.2 టన్నులు, వెరసి 16,200 కిలోలు. ఈ లెక్కను గౌరవించే ఓనర్లు కొందరు, కాటా దగ్గర మాత్రమే గుర్తు తెచ్చుకునే ఓనర్లు కొందరు. మా ఓనరు మొదటి రకం వాడు కావడం నా అదృష్టం.

రెండేళ్లు స్టీరింగును గుడ్డతో తుడిచానే తప్ప తిప్పలేదు. అయినా లారీ తోలడంలో సగం ఆ రెండేళ్లలోనే నేర్చుకున్నానని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే సరుకును ఎక్కించడం, కట్టడం తెలియనివాడికి ఆ సరుకుతో మలుపు తిరగడం తెలియదు. నాపరాళ్లనే తీసుకోండి. వాటిని పడుకోబెట్టి పేరిస్తే గతుకుల్లో పైవాటి బరువుకు కిందివి పగిలిపోతాయి. అందుకని బీరువాలో పుస్తకాలు నిలబెట్టినట్టు అంచు మీద నిలబెట్టి, కాస్త వాలుగా ఆనించి, సందుల్లో గడ్డి దోపుతారు. అలా నిలబెట్టిన రాళ్లు గట్టి బ్రేకు వేస్తే ఒకదాని మీద ఒకటి ఒరిగి క్యాబిను వైపు వస్తాయి. మంగంపేట ముగ్గురాయి మరో తరహా. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే ఆ రాయి ఎంత బరువంటే, లారీ తొట్టిలో అడుగున పరిచినట్టు కనిపిస్తూనే కాటా మీద బండి నిండిపోయి ఉంటుంది. కొత్త క్లీనరు ఎవడైనా "ఇంకా చోటుంది కదా" అంటాడు, నేనూ అన్నాను. దానికి పూర్తిగా ఎదురు ప్రొద్దుటూరు పత్తి. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ; పక్కగాలి కొట్టినప్పుడు బండి మొత్తం ఒక వైపుకు ఒరుగుతున్నట్టు వెన్నుపూసలో తెలుస్తుంది. రాతి బండి మలుపులో నేలను పట్టుకొని పోతుంది గానీ ఆగమంటే ఆగదు, పత్తి బండి ఆగమంటే ఆగుతుంది గానీ మలుపులో భయపెడుతుంది. ఇవన్నీ నేను ఎడమ వైపు సీట్లో కూర్చొని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి బాడీని చరుస్తూ, "రానీ, రానీ, హోల్డాన్" అని అరుస్తూ నేర్చుకున్న సంగతులు.

రాత్రిపూట ఆయనకు నిద్ర రాకుండా మాట్లాడుతూ ఉండడం కూడా క్లీనరు పనే. మోటారు రవాణా కార్మికుల చట్టం అని 1961 నాటిది ఒకటి అప్పట్లో ఉండేదనీ, రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదనీ, వరసగా ఐదు గంటలు తోలినవాడికి అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ అందులో రాసి ఉందనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. వస్తాదుకు ఆ మాట చెబితే నవ్వుతాడేమోనని చెప్పలేదు.

నాకు తోలడం నేర్పమని నేను ఆయనను ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. ఒకనాడు తాడిపత్రి లారీ ఆఫీసు ముందు బాడుగ కోసం రెండు రోజులు పడిగాపులు పడుతూ, ఉగ్గాని తింటూ ఉండగా ఆయనే అన్నాడు: "రాడ్డు పట్టినోడు రాడ్డు పట్టుకొనే ముసలోడు అయితాడబ్బీ. పోయి చిన్న లైసెన్సు తీస్కో. పెద్దదానికి సంవత్సరం కాసుకోవాల." చదువురాని ఆయనకు చట్టం అక్షరం పొల్లు పోకుండా తెలుసు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం తోలేవాడికి 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు తేలికపాటి వాహనం లైసెన్సు కనీసం ఏడాది పాటు ఉండి ఉండాలి. 7,500 కిలోల లోపు బరువున్నది తేలిక బండి, 12,000 కిలోలు దాటినది భారీ సరుకు రవాణా బండి. జనం నోట ఇవే చిన్న లైసెన్సు, పెద్ద లైసెన్సు.

చిన్న లైసెన్సు సంగతి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. మా చిన్నాయన తోలే అద్దె జీపు మీద నేర్చుకొని 1995లో తెచ్చుకున్నాను. ఆ తర్వాతి ఏడాది మాత్రం చాలా పొడుగ్గా గడిచింది. జేబులో లైసెన్సు ఉంది, ఎదుట లారీ ఉంది, మధ్యలో పన్నెండు నెలలున్నాయి. ఖాళీ బండిని యార్డులో పది గజాలు ముందుకు జరపమని వస్తాదు ఎప్పుడైనా అంటే, ఆ పది గజాలకు నేను తీసుకున్నంత సమయం ఎవరూ తీసుకొని ఉండరు.

1997లో కడపలో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. రవాణా లైసెన్సు కోసం స్కూలు ఇచ్చే 5వ నంబరు ఫారం తప్పనిసరి. ముప్పై రోజులకు తగ్గకుండా శిక్షణ, అందులో బండి మీద 15 గంటలకు తగ్గకుండా ఉండాలని నిబంధన. నాలుగేళ్లు లారీలో పడుకొని లేచినవాణ్ణి, ఇక నాకు వీళ్లు నేర్పేదేముందన్న గీర కొంత ఉండేది. మొదటి రోజే అది పోయింది. స్కూలు బండి పాత లేలాండ్ కామెట్. మా టాటా బండిలో క్లచ్చు తొక్కి గేరు వేస్తే పడుతుంది. ఆ కామెట్‌లో అలా వేస్తే పళ్లు నూరిన చప్పుడు వీధి చివరి దాకా వినిపించింది. రోడ్డు పక్కన టీ తాగుతున్నవాళ్లు తల తిప్పి చూశారు.

దానికి డబుల్ క్లచ్చు కొట్టాలి. పై గేరులోంచి కింది గేరుకు రావాలంటే మొదట క్లచ్చు తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్చు వదిలేసి, ఆ న్యూట్రల్‌లోనే ఒక్కసారి రేసిచ్చి, మళ్లీ క్లచ్చు తొక్కి కింది గేరు వెయ్యాలి. గేరు పెట్టెలో రెండు చక్రాలు వేరు వేరు వేగాలతో తిరుగుతుంటే అవి ఒకదానిలో ఒకటి కూర్చోవు. ఇంజనుకు రేసిచ్చి వెనకబడిన చక్రాన్ని ముందున్నదాని వేగానికి తేవడమే ఆ కిటుకు. ఎంత రేసివ్వాలో చెప్పే మీటరు ఏదీ లేదు. తక్కువైతే గేరు గీరుతుంది, ఎక్కువైనా గీరుతుంది, సరిపోతే మాత్రం రాడ్డు తనంతట తానే, వేలితో నెట్టినట్టు జారిపోతుంది. నేర్పే మాస్టరు పక్కన కూర్చొని, "చెయ్యి కాదబ్బీ, చెవి పెట్టు" అనేవాడు. నాకు టైరు రాడ్డు గుర్తొచ్చింది. నాలుగో రోజునో ఐదో రోజునో, రాజంపేట వైపు పోయే రోడ్డు మీద చిన్న ఎత్తు ఎక్కుతుండగా, గేరు ఒక్కసారి చప్పుడు లేకుండా పడింది. ఆ సాయంత్రం గదికి పోయి అన్నం తినకుండా చాలాసేపు మంచం మీద కూర్చొని, ఎడమకాలు రెండుసార్లు నేలకు నొక్కుతూ, గాలిలో గేరు మారుస్తూ ఉండిపోయాను. గదిలో నాతో ఉన్న ప్రొద్దుటూరు అబ్బాయి నాకు గాలి సోకిందని అనుకున్నాడు.

స్కూల్లో నేర్చుకున్న మరో సంగతి వెనక చక్రం దారి వేరన్నది. మాస్టరు మూలమలుపు దగ్గర మూడు నాపరాళ్లు నిలబెట్టి, వాటిని తాకకుండా తిరగమనేవాడు. ముందు చక్రం రాయిని దాటగానే తిప్పితే, వెనక చక్రం లోపలికి కోసుకొని వచ్చి రాయి మీద ఎక్కేది. బండి ఎంత పొడుగైతే అంత ఎక్కువగా కోస్తుంది. ముందు చక్రం మలుపును దాటి కాస్త అవతలికి పోయాక తిప్పాలి. రోడ్డు అయిపోతోందని భయం వేసినా ఇంకొంచెం ఆగాలి. మూడు రాళ్లలో రెండు పగలగొట్టాను. మూడోదాన్ని మాస్టరే తీసి పక్కన పెట్టాడు. నాపరాళ్లు కొట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి వాటి ఖరీదు నాకు తెలుసు. మరుసటి వారం ఊరికి పోయి వస్తూ నాలుగు ముక్కలు సంచిలో వేసుకొచ్చి ఇచ్చాను.

డాక్టరు దగ్గర 1ఏ ఫారం రాయించుకున్నాను. పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు పలక చదవగలడని, రంగులు గుర్తిస్తాడని, చెవులు వినిపిస్తాయని అందులో రాస్తారు. డాక్టరు కిటికీలోంచి వీధిలో ఆగి ఉన్న ఒక వ్యానును చూపించి చదవమన్నాడు. చదివాను. దాని వెనక టైరు ఒకటి గాలి దిగి ఉందని కూడా చెప్పాను. ఆయన నవ్వి సంతకం పెట్టాడు.

పరీక్షలో తప్పాను. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు గానీ అప్పుడు మూడు రోజులు ఇంటికి పోలేదు. చేతి సంజ్ఞలు బాగానే చూపించాను, గుర్తుల బొమ్మలు బాగానే చెప్పాను, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించాను. చివరికి రెండు వరసల కర్రల మధ్యకు బండిని వెనక్కి తీసుకుపోవాలి. అందులో నాకు దిగులే లేదు. మండీల ఇరుకు సందుల్లో వస్తాదు బండి వెనక్కి పెట్టడం వందలసార్లు చూశాను. రివర్సు గేరు వేసి, ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకొని, కుడి చేత్తో తలుపు తెరిచి, నడుము దాకా బయటికి వంగి, వెనక్కి చూస్తూ, ఒక్క కర్ర కూడా తాకకుండా సూటిగా తీసుకుపోయాను. బండి ఆపి దిగి, మెచ్చుకుంటాడని ఇన్‌స్పెక్టరు ముఖం చూశాను. "ఈ బండికి అద్దాలున్నాయా?" అని అడిగాడు. ఉన్నాయి సార్ అన్నాను. "మరి తలుపెందుకు తెరిచినావు?" కాయితం మీద ఏదో గీసి, ఏడు రోజుల తర్వాత రమ్మన్నాడు. చట్టంలోనూ అంతే ఉంది; తప్పినవాడు ఏడు రోజులకు మళ్లీ రావచ్చు, మూడుసార్లు తప్పితే మాత్రం అరవై రోజులు ఆగాలి.

వస్తాదుకు చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తలుపు నా దగ్గర నేర్చినావు. ఆ తప్పు నాది," అన్నాడు. ఆయన నేర్చుకున్న కాలపు బండ్లకు అద్దాలు చేతి వెడల్పు కూడా ఉండేవి కావట. ఉన్నవి కూడా అదురుకు బొమ్మ నిలవనిచ్చేవి కావట. ఆ వారం రోజులూ సాయంత్రం పూట మా టాటా బండిని ఖాళీ మైదానానికి తెచ్చి, డ్రైవరు వైపు తలుపును తాడుతో బయటి నుంచి కట్టేసి, నన్ను అవతలి తలుపు గుండా ఎక్కించి, అద్దాల్లో చూస్తూ వెనక్కి తోలించాడు. తాను మాత్రం వెనక నిలబడి ఒక్క మాట కూడా అరవలేదు. ఎనిమిదో రోజు పరీక్షలో నెగ్గాను. మూడేళ్లు చెల్లేలా రవాణా వాహనం లైసెన్సు వచ్చింది. మా అమ్మ దాన్ని దేవుని కడప వెంకటేశ్వరస్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చింది. వస్తాదు అమీన్ పీర్ దర్గా నుంచి నల్ల దారం తెచ్చి స్టీరింగుకు కాకుండా నా మణికట్టుకు కట్టాడు.

లైసెన్సు వచ్చినంత మాత్రాన తాళం చేతికి రాదు. ఓనరు వస్తాదుతో ఒప్పందం చేసుకున్నాడు: సాపు రోడ్డు మీద పిల్లోడు తోలవచ్చు, ఊళ్లలోనూ ఘాటుల్లోనూ మాత్రం భాయే పట్టాలి. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఓనరుది తప్పనలేను. బండి ఖరీదు అతనిది, దాని మీది అప్పు కూడా అతనిదే.

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో పాలకొండల మీద గువ్వలచెరువు ఘాటు ఉంది. పాత లెక్కలో 18వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 40. కడప వైపు నుంచి మలుపులు తిరుగుతూ పైకెక్కితే కొండ మీద గువ్వలచెరువు ఊరు వస్తుంది. పాలకోవాకు పేరుమోసిన ఊరు. లారీలు, బస్సులు ఆగి కోవా కొనుక్కోకుండా పోవు. ఎక్కేటప్పుడు ఆ ఊరు చల్లగా, తియ్యగా ఉంటుంది. దిగే బండికి మాత్రం అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. బరువు బండ్లు అదుపు తప్పిన మలుపులు ఒక్కొక్కటీ డ్రైవర్లకు గుర్తే. పేర్లు పెట్టి పిలుచుకోరు గానీ, ఆ చోటు రాగానే క్యాబిన్‌లో మాటలు ఆగిపోతాయి.

1998 వర్షాకాలంలో మదనపల్లె నుంచి టమోటా ఎక్కించుకొని గుర్రంకొండ, రాయచోటి మీదుగా కడపకు వస్తున్నాం. అక్కడి నుంచి విజయవాడ మార్కెట్టుకు పోవాలి. తెల్లవారుజామున గువ్వలచెరువులో ఆపాం. నేను దిగి ఆరు టైర్లూ తట్టి, వరసగా బ్రేకు డ్రమ్ముల దగ్గర చేతి వెనకవైపు పెట్టి వేడి చూసి వచ్చేసరికి వస్తాదు ఎడమ వైపు సీట్లో కాళ్లు ముడుచుకొని కూర్చొని ఉన్నాడు. చేతిలో కోవా పొట్లం ఉంది. కుడి సీటు ఖాళీగా ఉంది. "ఎక్కు," అన్నాడు. ఓనరు మాట గుర్తు చేశాను. "ఓనరు ఇంట్లో నిద్రపోతాన్నాడు. ఎక్కు."

ఆయన అన్నేళ్లుగా నాకు చెప్పిన మాట ఒకటే: బండి ఎక్కిన గేరులోనే దిగాలి. "ఎక్కడం బండి పని. దిగడం డ్రైవరు పని," అనేవాడు. ఏ గేరులో ఆ కొండ ఎక్కగలమో అదే గేరును దిగకముందే, పైన సాపు నేల మీదే వేసుకోవాలి. దిగుడు మొదలై బండి వేగం అందుకున్నాక కింది గేరు పడదు, న్యూట్రల్‌లో చిక్కుకుంటే ఇక బండికీ ఇంజనుకూ సంబంధం తెగిపోతుంది. గేరులో ఉన్నంతసేపు యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనే చక్రాలను వెనక్కి లాగి పట్టుకుంటుంది, బ్రేకు దానికి సాయం మాత్రమే. నాలుగు రూపాయల డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు బ్రేకు ఒక్కటే దిక్కు. దాన్ని తొక్కుతూ పోతే డ్రమ్ము కాలి వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది, లైనింగు మాడి నునుపెక్కి పట్టు వదులుతుంది. లారీ బ్రేకు గాలితో పనిచేస్తుంది కాబట్టి తొక్కిన ప్రతిసారీ ట్యాంకులోని గాలి కొంత ఖర్చవుతుంది, ఇంజను నింపే వేగం కన్నా మనం వాడే వేగం ఎక్కువైతే గాలి మీటరు ముల్లు కిందికి పడిపోతుంది. అప్పుడు కాలి కింద పెడలుంటుంది గానీ బ్రేకు ఉండదు.

గాలి ముల్లు నిండుగా చూసుకొని, రెండో గేరు వేసి కదిలించాను. మొదటి మలుపు దాకా నాకేమీ వినిపించలేదు, నా గుండె తప్ప. తర్వాత ఇంజను గొంతు వినిపించడం మొదలైంది. గేరు పట్టుకున్న ఇంజను దిగుడులో మూలుగుతుంది. ఆ మూలుగు సన్నబడుతూ పైస్థాయికి పోతుంటే బరువు గెలుస్తోందని అర్థం, అప్పుడు బ్రేకును ఒక్కసారి గట్టిగా తొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలెయ్యాలి. కాలు ఆనించి ఉంచకూడదు. తొక్కి వదిలిన ప్రతిసారీ గాలి బుస్సుమంటుంది, ముల్లు కొంచెం దిగి మళ్లీ లేస్తుంది. నా చూపు రోడ్డు మీద ఉంది గానీ మనసంతా ఆ మూలుగు మీద, వెనక తొమ్మిది టన్నుల టమోటా మీద ఉంది. మలుపులో గంపలు కిర్రుమన్నప్పుడల్లా ఎంత వేగంగా తిరిగానో అవే చెబుతున్నట్టు అనిపించింది.

మూడో మలుపు దగ్గర కింది నుంచి ఒక లారీ ఎక్కి వస్తోంది. సిమెంటు బస్తాల బండి, చాలా నిదానంగా, పొగ కక్కుతూ వస్తోంది. మలుపు ఇరుకు. నేను ఎడమ అంచుకు తెచ్చి ఆపేశాను. కొండ రోడ్డు మీద దిగేవాడే ఆగి ఎక్కేవాడికి దారి ఇవ్వాలన్నది నిబంధన. ఆగిన బరువు బండిని ఎత్తు మీద మళ్లీ కదిలించడం ఎంత కష్టమో పరీక్ష రోజు ఖాళీ బండి మీద కూడా తెలిసింది. ఆ డ్రైవరు మమ్మల్ని దాటుతూ చెయ్యి పైకెత్తాడు. వస్తాదుకు కాదు, కుడి సీట్లో ఉన్న నాకు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది.

వస్తాదు ఘాటు దిగినంతసేపు ఒక్క మాట మాట్లాడలేదు. కోవా పొట్లం విప్పనూ లేదు. కాళ్లు మాత్రం ముడుచుకొని లేవు. ఎప్పుడు దించాడో, కుడికాలు చాపి, లేని బ్రేకు పెడలు మీద ఆనించి ఉంచాడు. నేను తొక్కినప్పుడల్లా ఆ కాలు కూడా తొక్కింది. ఒకే ఒక్కసారి, ఐదో మలుపులోనో ఆరో మలుపులోనో, నా కన్నా ముందు తొక్కింది. నేను ఆలస్యం చేశానని అప్పుడు తెలిసింది.

ఈమధ్య మా అక్క కొడుకు పెద్ద లైసెన్సు కోసం శిక్షణకు పోయి వచ్చాడు. 2021 నుంచి వచ్చిన కొత్త పద్ధతి శిక్షణ కేంద్రాల్లో భారీ వాహనానికి ఆరు వారాల్లో 38 గంటల పాఠం ఉంటుంది. సిమ్యులేటరు అని గదిలోనే ఒక సీటు, స్టీరింగు, ఎదుట తెర పెట్టి ఘాటు కూడా దింపిస్తారు. వాడు తెర మీద మంచు కురిసే కొండ దిగాడట. తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. బోల్తా పడినా మళ్లీ మొదటి నుంచి తోలమంటారంటే మంచిదే కదా. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుందని, గేరు చప్పుడు చెయ్యదని వాడు చెబుతుంటే, లోపలి టైరు ఎట్లా చూస్తావని అడిగాను. గాలి ఎంతుందో చెప్పే మిషను ఉంది మామా అన్నాడు. మరుసటి రోజు వాడి సంచిలో ఒక రాడ్డు పెట్టాను, తీసి చూసి ఏమీ అనకుండా మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ రోజు ఘాటు కింద సాపు రోడ్డుకు రాగానే వస్తాదు ఆపమన్నాడు. దిగి, నాలుగు పక్కలా డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఆ చెయ్యి లుంగీకి తుడుచుకొని, మళ్లీ ఎడమ సీట్లోనే ఎక్కి, కోవా పొట్లం విప్పి సగం నాకిచ్చాడు. కడపలో ఏడు రోడ్ల కూడలికి కాస్త ఇవతల ఎస్‌టీడీ బూతు దగ్గర ఓనరుకు ఫోన్ చేశాడు. బండి ఎక్కడి దాకా వచ్చిందో, కాటా ఎంతో, డీజిలు ఎంతో చెప్పాడు. అవతల నుంచి ఓనరు గొంతు నాకు కూడా వినిపించింది. "ఘాటు నువ్వే దించినావు కదా భాయ్?"

వస్తాదు ఒక క్షణం నా వైపు చూసి, "దించినోడు ఈన్నే ఉండాడు, నువ్వే అడుగన్నా," అని రిసీవరు నా చేతిలో పెట్టి, మీటరు మీద పెరుగుతున్న రూపాయలు చూస్తూ పక్కకు జరిగాడు. సరుకు నలగలేదన్నా, అని మాత్రం చెప్పగలిగాను.